కంటికి కవచం సరే... ఊపిరికో?

కొత్త ఇంటికి గేటు. కిటికీకి గ్రిల్లు. మేడ మీద రేకుల షెడ్డు. స్కూటరుకు విరిగిన స్టాండు. మన చుట్టూ వెల్డరు చెయ్యి పడని ఇనుము ఎంతని! ఆ చెయ్యి ఆడినన్నాళ్లూ అతనింట్లో పొయ్యి వెలుగుతుంది. మరి, ఆ పనే అతని కంటిచూపునీ ఊపిరినీ కొద్దికొద్దిగా తినేస్తుంటే? కళ్లను కాపాడే హెల్మెట్లు ఉన్నాయని కొందరికైనా తెలుసు. ఊపిరిని కాపాడేవీ ఉన్నాయని, లక్షలు పెట్టలేనివాళ్లకీ దారులున్నాయని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

పొద్దు వాలే వేళ. బైపాసు రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు. సగం తయారైన గేటు నేలమీద పడుకోబెట్టి ఉంది. వెల్డరు గొంతుకు కూర్చుని ఒక చేత్తో హోల్డరు పట్టుకున్నాడు. రెండో చేత్తో చువ్వ కదలకుండా అదిమిపట్టాడు. మరి షీల్డు పట్టుకోవడానికి చెయ్యేదీ? అందుకే అది గోడకు వేలాడుతోంది. కళ్లకున్నది ఫుట్‌పాత్ మీద కొన్న నల్లద్దాలు. రాడ్డు తగిలించే ముందు తల కాస్త పక్కకు తిప్పి, కళ్లు మూసి, ఓ టాకా కొడతాడు. ఎదురుగా యాంగిల్ పట్టుకున్న హెల్పరు కుర్రాడికి ఆ నల్లద్దాలూ లేవు. 'కళ్లు మూసుకోరా' అన్న మాటే వాడికి రక్షణ. ఈలోగా గేటు మీంచి లేచిన పొగ సుడులు తిరుగుతూ నేరుగా ఇద్దరి ముక్కుల దగ్గరికే వస్తుంది.

అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది అసలు బాధ. కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టు ఒకటే మంట. రెప్ప ఎత్తలేడు, దించలేడు. నీళ్లు ధారగా కారిపోతుంటాయి.

'ఇయ్యాల కూడా షీల్డు పెట్టుకోలేదా నువ్వు?' అంటుంది భార్య, తడిగుడ్డ అందిస్తూ.

'రెండు టాకాలే కదా అనుకున్నా' అంటాడతను.

విజయవాడ ఆటోనగర్ నుంచి విశాఖ గాజువాక దాకా, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల షెడ్ల నుంచి మండల కేంద్రంలోని చిన్న గ్రిల్లు షాపు దాకా వెల్డింగ్ చేసే ఇళ్లల్లో ఇలాంటి రాత్రులు కొత్త కాదు. తెల్లారేసరికి, మహా అయితే మర్నాటికి మంట తగ్గిపోతుంది. దాంతోపాటే భయమూ పోతుంది. మళ్లీ షీల్డు గోడకే!

వెలుగు చేసే గాయం

వెల్డింగ్ మంటలో మూడు రకాల కిరణాలుంటాయి. ఒకటి కళ్లు చెదిరే కాంతి. రెండోది, మూడోది కంటికి కనిపించనివి... అతినీలలోహిత, పరారుణ కిరణాలు. ఎండకు చర్మం కమిలినట్టే, అతినీలలోహిత కిరణాలకు కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా కమిలిపోతుంది. చిత్రం ఏమిటంటే, తగిలినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాతే మంట మొదలవుతుంది. సాయంత్రం చేసిన పనికి అర్ధరాత్రి ఏడుపు అందుకే.

ఈ మంట సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో మానుతుంది. మానని గాయాలు వేరే ఉన్నాయి. మంటనే చూస్తూ ఉండిపోతే ఆ కాంతి కంటి వెనక ఉండే రెటీనాను కాల్చేయగలదు. అక్కడ పడ్డ మచ్చ చూపు మధ్యలో మరకలా మిగిలిపోవచ్చు. పరారుణ కిరణాల వేడి ఏళ్ల తరబడి తగిలితే శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది.

మరి నల్లద్దాలు? అవి మరో మోసం. అద్దం నల్లగా ఉంటే కంటిపాప చీకటి అనుకుని పెద్దదవుతుంది. కనిపించని కిరణాలను ఆపే గుణం ఆ అద్దానికి లేకపోతే, తెరుచుకున్న పాపలోంచి అవి ఇంకాస్త ఎక్కువగా లోపలికెళ్తాయి. పైగా పక్కల నుంచి వచ్చే వెలుగునూ, చిమ్మే నిప్పురవ్వలనూ అవి ఆపలేవు.

కళ్లు మండితే చాలామంది బంగాళాదుంప ముక్కలు పెడతారు. కొన్ని ఊళ్లలో పసిబిడ్డ తల్లిని అడిగి చనుబాలు వేయించుకుంటారు. పైపొర చెదిరిన కంట్లో ఏ పాలూ, పసరూ వేయకూడదు. లేని ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నట్టవుతుంది. మూసిన రెప్పల మీద శుభ్రమైన చల్లటి తడిగుడ్డ, చీకటి గది, మర్నాడు కంటి డాక్టరు... ఇదే సరైన పద్ధతి. మందులషాపులో అడిగి మొద్దుబార్చే చుక్కలు తెచ్చుకుని పదేపదే వేసుకోవడం మరీ ప్రమాదం. నొప్పి తెలియదు, కార్నియా మాత్రం మానదు.

కనపడని శత్రువు

కన్ను మండితే ఆ రాత్రే తెలుస్తుంది. ఊపిరితిత్తి అలా చెప్పదు. అదే దాంతో చిక్కు.

వెల్డింగ్ పొగ కట్టెల పొయ్యి పొగలాంటిది కాదు. మంట వేడికి రాడ్డూ లోహమూ ఆవిరై, గాలి తగలగానే చల్లబడి, అతిసన్నని రేణువులుగా మారతాయి. ఆ రేణువుల గుంపే మనం చూసే పొగ. వాటిలో చాలావరకు ఒక మైక్రాను కన్నా చిన్నవి. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంత సన్నటి రేణువుల్ని ముక్కులో వెంట్రుకలు ఆపలేవు, మూతికి చుట్టుకున్న తువ్వాలూ ఆపలేదు. నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. ఈ పొగలో ఎక్కువ భాగం అతికించే ఇనుములోంచి కాదు, కరిగే రాడ్డులోంచే వస్తుంది.

ఏ లోహానికి ఏ ముప్పు? మామూలు ఇనుముకు వాడే రాడ్లలో మాంగనీసు ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే నరాల మీద ప్రభావం చూపుతుంది. చేతులు వణకడం, నడక తడబడటం లాంటి పార్కిన్‌సన్స్‌ను పోలిన లక్షణాలు కనిపించవచ్చు. స్టీలు రెయిలింగులు చేసేవారిది మరో ముప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో ఉండే ఒక రకం క్రోమియం, నికెల్ క్యాన్సర్ కారకాలు. పాత బోల్టులకూ, కొన్ని రకాల బ్రేజింగు తీగలకూ ఉండే కాడ్మియం అన్నిటికన్నా ప్రమాదకరం. దాని పొగ ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణమే పోవచ్చు.

జీఐ పైపుల సంగతి వెల్డర్లందరికీ తెలిసిందే. పైన ఉన్న జింకు పూత కాలి తెల్లటి పొగ లేస్తుంది. పగలంతా బాగానే ఉంటారు. రాత్రికి నోట్లో ఇనుప రుచి, చలి, ఒళ్లునొప్పులు, జ్వరం. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని లోహపు పొగ జ్వరం అంటారు. ఇంట్లోవాళ్లు వైరల్ జ్వరమో, మలేరియానో అనుకుంటారు. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు 'నిన్న జీఐ పైపులు వెల్డింగ్ చేశా' అన్న ఒక్కమాట చెబితే వైద్యం తేలికవుతుంది. ఆయాసం పెరుగుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక అసలు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. అది 2017లో వెల్డింగ్ పొగను మొదటి వర్గంలో చేర్చింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితా. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్నదీ అందులోనే. ప్రమాదం అన్నిటికీ ఒకే స్థాయిలో ఉంటుందని దీనర్థం కాదు, రుజువు గట్టిగా ఉందని అర్థం. వెల్డింగులో వచ్చే అతినీలలోహిత కిరణాలనూ అదే వర్గంలో పెట్టింది. ఆ తర్వాత 2019 ఫిబ్రవరిలో బ్రిటన్ భద్రతా విభాగం మామూలు ఇనుము పొగ విషయంలోనూ హెచ్చరిక చేసింది. ఎంత కొద్దిసేపు పనైనా, షెడ్డు లోపలైతే పొగను లాగేసే ఏర్పాటు ఉండాలనీ, ఆరుబయటైతే తగిన శ్వాస రక్షణ వాడాలనీ చెప్పింది. 'ఆరుబయటే కదా' అన్న ధీమా పనికిరాదన్నమాట!

బెల్లం ముక్కతో పోతుందా?

'పని అయ్యాక ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పొగ కొట్టుకుపోతుంది.' 'రాత్రికి అరటిపండు తిని గ్లాసు పాలు తాగితే చాలు.' షెడ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పే మాటలివి. ప్రేమతో చెప్పేవే. కానీ తిన్నది వెళ్లేది కడుపులోకి, పీల్చిన పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. దారులే వేరు. పాలు మంచివే, బెల్లమూ మంచిదే. పొగకు మాత్రం విరుగుడు కావు. వాటిమీద నమ్మకంతో ముక్కుకు రక్షణ మానేయడమే నష్టం.

ముందు తల పక్కకు!

ఏ హెల్మెట్ కొనకముందే చేయగల పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. పొగ నిటారుగా పైకి లేస్తుంది. గొంతుకు కూర్చుని పని మీదికి వంగితే ముఖం సరిగ్గా ఆ దారిలోనే ఉంటుంది. అదే పనిని నడుమెత్తు బల్ల మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకు ఉంచితే పీల్చే పొగ బాగా తగ్గుతుంది.

ఫ్యాను ఉంటే పక్క నుంచి వీచేలా పెట్టాలి. వెనక నుంచి పెడితే ఒంటికి చల్లగానే ఉంటుంది కానీ, గాలి మనిషిని చుట్టి ముఖం ముందు సుడి తిరిగి పొగను అక్కడే నిలబెడుతుంది. ఆర్గాన్, సీఓటూ వెల్డింగులకు గాలి జోరు ఎక్కువైతే రక్షణ వాయువు చెదిరి అతుకు పాడవుతుంది కాబట్టి అక్కడ నెమ్మదిగా ఉండాలి. పెద్ద షెడ్లయితే అతుకుకు జానెడు మూరెడు దూరంలోనే పొగను లాగేసే గొట్టం పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. రంగు, జింకు పూత, గ్రీజు ఉంటే అతికేచోట రెండు మూడు అంగుళాల మేర ముందే తీసేయాలి. ఆ గోకేటప్పుడూ ముక్కుకు మాస్కు ఉండాలి. క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తుడిచిన లోహాన్ని ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

ఏ నంబరు అద్దం?

ఇక హెల్మెట్. ముందు తెలుసుకోవాల్సింది అద్దం నంబరు. దాన్నే షేడ్ అంటారు. నంబరు పెరిగేకొద్దీ నలుపు పెరుగుతుంది. గ్రిల్లు పనుల్లో వాడే పన్నెండు గేజి, పది గేజి రాడ్లకు సాధారణంగా 10 నంబరు సరిపోతుంది. లావు రాడ్లతో 160 ఆంపియర్లు దాటితే 12 వరకు వెళ్లాలి. ఆర్గాన్ వెల్డింగుకు 10 నుంచి 12. గ్యాస్ వెల్డింగ్‌కైతే 4 నుంచి 8 మధ్య, గ్యాస్ కటింగ్‌కు 3 నుంచి 6 మధ్య చాలు. అంటే గ్యాస్ కటింగ్ కళ్లద్దాలు పెట్టుకుని రాడ్డు వెల్డింగ్ చేయడం కంటిని చేతులారా కాల్చుకోవడమే. ఏది ఎంచుకోవాలో తేలకపోతే చిన్న కిటుకు. ముందు బాగా నల్లటి నంబరుతో మొదలుపెట్టి, కరిగిన లోహం స్పష్టంగా కనిపించేదాకా ఒక్కో నంబరు తగ్గించుకుంటూ రావాలి. పనికి తగిన కనీస నంబరు కిందికి మాత్రం దిగకూడదు.

మామూలు షీల్డుతో వచ్చే చిక్కు, అది ఎప్పుడూ నల్లగానే ఉండటం. రాడ్డు ఎక్కడ పెట్టాలో కనిపించదు. అందుకే తీసి పక్కన పెట్టేస్తారు. దీనికి విరుగుడుగా వచ్చిందే తనంతట తాను నల్లబడే హెల్మెట్. స్వీడన్‌లో 1981లో 'స్పీడ్‌గ్లాస్' పేరుతో ఈ రకం మొదటిసారి వచ్చింది. మంట లేనప్పుడు అద్దం 3 లేదా 4 నంబరులో ఉంటుంది. అంటే లేతరంగు కళ్లద్దాల్లోంచి చూసినట్టే. రాడ్డు తగలగానే ముందున్న సెన్సర్లు వెలుగును పసిగడతాయి. లోపలి లిక్విడ్ క్రిస్టల్ పొర నల్లబడుతుంది. ఎంత వేగంగా అంటే, మంచి రకాల్లో సెకనులో పాతికవేలో వంతు! తల ఎగరేసి షీల్డు దించుకునే పని లేదు. రెండు చేతులూ ఖాళీ.

'బ్యాటరీ అయిపోతే కళ్లు పోవా?' అన్నది చాలామంది సందేహం. ప్రమాణాల ప్రకారం తయారైన అద్దంలో అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర విడిగా ఉంటుంది. అది బ్యాటరీతో పనిలేకుండా ఎప్పుడూ ఆపుతూనే ఉంటుంది. నల్లబడకపోతే కాంతికి కళ్లు చెదురుతాయి, పని ఆపేయాలి. కానీ ఆ హామీ ప్రమాణాల ముద్ర ఉన్నవాటికే. ఊరూపేరూ లేని సరుకుకు కాదు.

ఊపిరికి మూడు మెట్లు

ఇక్కడే అసలు విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎంత ఖరీదైన హెల్మెటైనా, గాలిని వడగట్టే ఏర్పాటు లేకపోతే అది కంటికే కవచం. పొగ గడ్డం కిందినుంచి లోపలికి వస్తుంది. ఊపిరికి వేరే ఏర్పాటు చేసుకోవాల్సిందే. దానికి మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, వాడి పారేసే మాస్కు. 2020లో కరోనా వచ్చాక ఎన్95 పేరు తెలియని ఇల్లు లేదు. వెల్డింగుకు కనీసం ఎఫ్ఎఫ్‌పీ2 రకం కావాలి. మన దేశ ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర ఉందో లేదో చూడాలి. చెవులకు తగిలించుకునేవాటి కన్నా తల వెనక రెండు పట్టీలుండేవి బిగువుగా అమరుతాయి. నిప్పురవ్వలకు త్వరగా అంటుకోకుండా వెల్డర్ల కోసమే తయారుచేసే రకాలూ ఉన్నాయి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఈ పనికి పనికిరావు.

రెండో మెట్టు, రబ్బరు లేదా సిలికాన్ హాఫ్ మాస్కు. ముక్కునూ నోటినీ మూసి ఉంచుతుంది. రెండు పక్కలా బిళ్లల్లాంటి ఫిల్టర్లు ఉంటాయి. అవి పాడైతే మార్చుకోవచ్చు, మాస్కు మాత్రం ఏళ్లపాటు వస్తుంది. పల్చటి ఫిల్టర్లున్న రకం తీసుకుంటే హెల్మెట్ కింద ఇమిడిపోతుంది. రోజంతా రాడ్డు కాల్చే చిన్న షెడ్డు వెల్డరుకు ఇదే నడిమి దారి. హెల్మెట్, హాఫ్ మాస్కు రెండూ కలిపినా కొన్ని వేల రూపాయల్లో తేలిపోతుంది.

ఈ రెండింటికీ ఒక షరతుంది. మాస్కు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి పొగ దూరుతుంది. రోజూ నున్నగా గీసుకుంటేనే ఫలితం.

మూడో మెట్టు, గాలి పంపే హెల్మెట్. పీఏపీఆర్ అంటారు. నడుముకు బెల్టు, దానికి చిన్న ఫ్యాను, ఫిల్టరు, బ్యాటరీ. అక్కడినుంచి గొట్టం హెల్మెట్ వెనక భాగానికి వెళ్తుంది. ఫ్యాను బయటి గాలిని లాగి, ఫిల్టర్లో వడగట్టి, నిమిషానికి దాదాపు 170 లీటర్లో ఆపైనో ముఖం మీదికి పంపుతుంది. లోపల గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పొగ లోపలికి రాలేదు. ముఖం చుట్టూ నిప్పంటుకోని గుడ్డ అంచు ఉంటుంది. ఈ రకానికి గడ్డం అడ్డం కాదు. ఊపిరి లాగడానికి కష్టపడక్కర్లేదు. ముఖం మీద గాలి ఆడుతుంది కాబట్టి మే నెల ఎండల్లో విజయవాడ షెడ్డులో పనిచేసేవారికి అదే పెద్ద ఊరట. అయితే బయటి గాలి ఎంత వేడో, వచ్చే గాలీ అంతే. ఇది ఏసీ కాదు.

ఈ మెట్ల మధ్య తేడా ఎంత? బ్రిటన్ లెక్కల ప్రకారం ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు సరిగ్గా అమరితే పీల్చే పొగ పదో వంతుకు తగ్గుతుంది. గాలి పంపే హెల్మెట్లలో టీహెచ్2 రకమైతే ఇరవయ్యో వంతుకు, టీహెచ్3 రకమైతే నలభయ్యో వంతుకు. మంచి కంపెనీ సరుకు లక్ష రూపాయల అటూఇటూ, కొన్నయితే అంతకన్నా ఎక్కువే. ఒంటరి వెల్డరుకు భారమే. కానీ స్టెయిన్‌లెస్ స్టీలు పని రోజంతా చేయించే కంపెనీకి అది భారం అనుకోకూడదు.

ఇవేవీ చాలని చోటు

ట్యాంకు లోపల, బాయిలర్లో, ఓడ అడుగు గదుల్లో, పెద్ద పైపుల్లో వెల్డింగ్ చేయాల్సి వస్తే పైన చెప్పినవేవీ చాలవు. ఫిల్టరు రేణువుల్ని ఆపుతుందే కానీ ఆక్సిజన్‌ను పుట్టించలేదు. కార్బన్ మోనాక్సైడునూ ఆపలేదు. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలి కన్నా బరువు. మూసిన చోట అడుగున చేరి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. మనిషికి తెలిసేలోగా స్పృహ తప్పుతుంది. అలాంటిచోట బయటినుంచి గొట్టం ద్వారా శ్వాసకు పనికొచ్చే శుభ్రమైన గాలి అందాలి. దిగేముందు లోపలి గాలిని పరీక్షించాలి. పైన ఒక మనిషి కాపలా ఉండాలి. లోపలివాడు పడిపోతే ఆ పైవాడు కంగారుగా దూకేయకూడదు. అలా దూకినవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకుంటారు.

కొట్లో ఏం చూడాలి?

* అద్దం మీది అంకెలు: ఐరోపా ఈఎన్ 379 ప్రమాణం ప్రకారం తయారైతే ఫిల్టరు మీదే '4/9-13' లాంటి అంకెలు ఉంటాయి. మామూలుగా 4, నల్లబడ్డాక 9 నుంచి 13 దాకా అని అర్థం. పక్కన '1/1/1/1' ఉంటే చూపు స్పష్టతలో మేలైన రకం. ఆ నాలుగు అంకెల్లో ఏది పెరిగినా నాణ్యత కాస్త తగ్గినట్టే. 2021లో వచ్చిన ఐఎస్ఓ 16321 ప్రమాణంలో గుర్తులు వేరుగా ఉంటాయి. పెట్టెలోని కాగితం చూపించమని అడగండి. మన దేశంలో వెల్డింగ్ కంటి, ముఖ రక్షణకు ఐఎస్ 1179, అమెరికాలో ఆన్సీ జెడ్87.1 ప్రమాణాలు ఉన్నాయి. ఏ ముద్రా లేకపోతే ఎంత చవకైనా వద్దు.

* సెన్సర్లు: రెండున్నవి బల్ల మీద పనికి చాలు. పైపుల సందుల్లో, మూలల్లో పనిచేసేవారికి నాలుగున్నవి మేలు. చెయ్యో, పైపో అడ్డమొచ్చి సెన్సరు మూసుకుపోతే అద్దం నల్లబడదు. ఆర్గాన్ వెల్డింగ్ తక్కువ ఆంపియర్లలో చేసేవారు అద్దం ఎన్ని ఆంపియర్ల నుంచి పసిగడుతుందో అడగాలి.

* బరువు: కొట్లో రెండు నిమిషాలు కాదు, కనీసం పది నిమిషాలు పెట్టుకుని వంగి లేచి చూడాలి. మెడ లాగితే సాయంత్రానికి అది మళ్లీ గోడకే చేరుతుంది.

* మాస్కుతో కలిపి: వాడబోయే మాస్కు పెట్టుకుని దాని మీద హెల్మెట్ దించి చూడాలి. రెండూ ఢీకొంటే పనికిరావు. చూపు కళ్లద్దాలుంటే అవీ పెట్టుకునే చూడాలి.

* విడిభాగాలు: బయటి ప్లాస్టిక్ పలక నిప్పురవ్వలకు త్వరగా మసకబారుతుంది. అది విడిగా దొరుకుతుందా? బ్యాటరీ మార్చుకునే వీలుందా? గాలి పంపే హెల్మెటైతే ఫిల్టర్ల ధర, దొరికే చోటు ముందే తెలుసుకోవాలి. గాలి తగ్గితే హెచ్చరించే అలారం ఉండాలి.

* ఫిల్టరుకు గాలి కొట్టొద్దు: కంప్రెసర్‌తో ఊదితే దుమ్ము పోయినట్టే కనిపిస్తుంది. లోపలి పొర చిరిగి పొగంతా లోపలికి వస్తుంది. నిండితే మార్చడమే.

* గ్రైండింగ్: లేత నంబరులోనే ఉంచే 'గ్రైండ్' ఏర్పాటున్నవి సౌకర్యం. లేకపోతే హెల్మెట్ పైకెత్తినప్పుడు కళ్లకు పారదర్శక భద్రతా కళ్లద్దాలు ఉండాల్సిందే. చిట్టెం కొట్టేటప్పుడు కళ్లలో పడే పెచ్చులు తక్కువేం కాదు.

అడిగే హక్కుంది

కంటికి ముప్పున్న పనిలో రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 35వ సెక్షనులో చెప్పింది. దుమ్మూ పొగల సంగతి 14లో, మూసిన చోట ప్రమాదకర పొగల సంగతి 36లో ఉండేది. ఆ చట్టం స్థానంలోకి వచ్చిన, పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ కూడా పనిచోట భద్రతను యజమాని బాధ్యతగానే చూస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకో, తమ్ముడో హెల్మెట్, మాస్కు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా వెళ్లేవారు జీతం, బస గురించి అడిగినట్టే రక్షణ సామగ్రి గురించీ ముందే అడగాలి.

సొంత షెడ్డు పెట్టుకున్నవారికి మాత్రం యజమానీ తామే, కార్మికుడూ తామే. అక్కడ అడగాల్సింది ఇంట్లోవాళ్లు! ఏడాదికోసారి ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ పరీక్ష, కంటి పరీక్ష చేయించుకోమని పోరాలి. లోహపు పొగ పీల్చేవారికి నిమోనియా ముప్పు ఎక్కువ కాబట్టి బ్రిటన్‌లో వెల్డర్లకు నిమోకోకల్ టీకా సిఫార్సు చేస్తారు. దాని గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. బీడీ, సిగరెట్ మానడం గురించి వేరే చెప్పాలా? ఒకే ఊపిరితిత్తికి రెండు పొగలు ఎందుకు!

మన గేటు దగ్గర...

వెల్డరు మన ఇంటికి వచ్చినప్పుడు మనం చేయగలిగిందీ ఉంది. పిల్లలకు ఆ వెలుగు దీపావళి. కళ్లార్పకుండా చూస్తారు. వాళ్లను లోపలికి పంపేయాలి. వాకిట్లో పనైతే వెలుగు అవతలికి పడకుండా ఓ రేకో, తెరో అడ్డం పెట్టించాలి. నేలమీద వంగి చేసే బదులు ఎత్తుగా పెట్టుకోవడానికి బల్లో, రాళ్లో చూపించాలి. 'షీల్డు పెట్టుకుని చెయ్యి తమ్ముడూ, కాస్త ఆలస్యమైనా పర్లేదు' అన్న ఒక్కమాట అనాలి. గేటు రేటు దగ్గర వంద, రెండొందలకు బేరమాడతాం. ఆ వందలే అతని మాస్కు, అతని ఫిల్టరు.

లక్ష రూపాయల హెల్మెట్ ఎప్పుడు కొనగలడో ఎవరూ చెప్పలేరు. కానీ తల పక్కకు పెట్టడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. మాస్కు ఈ వారమే కొనొచ్చు. తనంతట నల్లబడే హెల్మెట్‌కు నాలుగు నెలలు చీటీ కట్టొచ్చు. ఆ తర్వాత హాఫ్ మాస్కు. ఇలా ఒక్కో మెట్టే. ఇంట్లో సంపాదించే ఆ రెండు చేతులకూ పనిముట్లు కొనేటప్పుడు ఎవరూ వెనకాడరు. మెషీనుకు పెట్టే ఖర్చులో కొంత, దాన్ని నడిపే మనిషికి పెట్టడమే ఇది. అతుకు గట్టిగా ఉంటే గేటు ఇరవై ఏళ్లు నిలుస్తుంది. దాన్ని అతికినవాడూ అన్నాళ్లూ కంటి నిండా చూస్తూ, గుండె నిండా ఊపిరి పీల్చాలిగా!